ఎక్కేవాళ్లు లేరట!

కర్నూలు విమానాశ్రయం ఊసెత్తితే చాలు, ఒక మాట అందరి నోటా తయారుగా ఉంటుంది: "ఆదరణ లేదు." సర్వీసు తగ్గితే వార్తలో ఆ మాటే. నాయకులను నిలదీస్తే వాళ్లిచ్చే సంజాయిషీలో ఆ మాటే. వాళ్లూ వీళ్లూ ఎందుకు, ఆదోని మార్కెట్ యార్డులో పత్తి లాట్ల పక్కన టీ తాగుతూ మనవాళ్లే అంటారు: "మనకు విమానాలు ఏంటికప్పా? తెచ్చిపెట్టినా ఎక్కేవాళ్లు యాడున్నారు?" ఎమ్మిగనూరులో అడిగినా ఇదే జవాబు. కాకపోతే అక్కడ ఇంకో ముక్క కలుపుతారు: "మనకు రైలే లేదు, విమానం ఎవడిక్కావాలి?"

ఈ రెండో ముక్కలో నిజం ఉంది. దాని దగ్గరికి తర్వాత వస్తాను. మొదటి మాట మాత్రం తప్పు. పైగా అన్యాయం. తూకం లేని దుకాణం తెరిచి, ఉన్న నాలుగు సరుకులూ వారానికి మూడు రోజులే అమ్మి, బేరం రాలేదని ఊరిని తిట్టినట్టుంది వ్యవహారం. పడమటి కర్నూలులో విమానం ఎక్కేవాళ్లు లేకపోవడం కాదు, వాళ్లు ఎక్కే తీరులో విమానం లేకపోవడమే అసలు సంగతి. ఈ రెంటికీ ఉన్న తేడాను కావాలనే చెరిపేస్తున్నారు. చెరిపేస్తే లాభం ఎవరికో తెలుస్తూనే ఉంది. నెపం ప్రయాణికుడి మీద పడితే విమాన సంస్థను, కేంద్రాన్ని, రాష్ట్రాన్ని ఎవరూ ఏమీ అడగనక్కర్లేదు.

ముందు విమానాశ్రయం చరిత్ర చూద్దాం. ఓర్వకల్లు దగ్గర వెయ్యి ఎకరాల భూమిలో కట్టిన దీనికి ప్రారంభోత్సవాలు రెండు. 2019 జనవరి 8న ముఖ్యమంత్రిగా చంద్రబాబు నాయుడు ఒకసారి ప్రారంభించారు. 2021 మార్చి 25న ముఖ్యమంత్రిగా జగన్‌మోహన్ రెడ్డి మరోసారి ప్రారంభించి, ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరు పెట్టారు. పేరు బాగుంది, సీమవాళ్లెవరూ కాదనరు. నడుమ రెండేళ్లకు పైగా మాత్రం ఒక్క ప్రయాణికుడు కూడా అక్కడ టికెట్టు కొని విమానం ఎక్కలేదు. కొందామన్నా అమ్మేవాళ్లు లేరు. ఆ రెండేళ్ల ఖాళీని ప్రజల ఖాతాలో రాయలేదు, అంతవరకు సంతోషం.

2021 మార్చి 28న, చిన్న ఊళ్లకు విమానాలు నడిపించే కేంద్రం పథకం ఉడాన్ కింద, ఇండిగో సర్వీసులు మొదలుపెట్టింది. బెంగళూరు, విశాఖపట్నం, చెన్నై. రోజూ కాదు, వారంలో కొన్ని రోజులే. రన్‌వే పొడవు రెండు వేల మీటర్లు. అందుకే వచ్చేవి డెబ్బై ఎనిమిది సీట్ల ఏటీఆర్ చిన్న విమానాలు. ఇక్కడ తేదీని ఇంకోసారి చూడండి. మార్చి 28 తర్వాత వచ్చింది ఏప్రిల్, ఆ తర్వాత మే. 2021 ఏప్రిల్, మే నెలల్లో ఈ దేశంలో ఏం జరిగిందో ఎవరికీ గుర్తు చేయనక్కర్లేదు. ఆక్సిజన్ సిలిండర్ల కోసం కర్నూలు పెద్దాసుపత్రి చుట్టూ తిరిగిన రోజులవి. ఉడాన్‌లో ఒక రూటుకు సర్కారు ఇచ్చే సాయం మూడేళ్లే. ఆ మూడేళ్లలోనే జనానికి రూటు అలవాటై, సంస్థ సొంత కాళ్ల మీద నిలబడాలన్నది లెక్క. మన రూట్లకు ఆ మూడేళ్ల గడియారం కరోనా రెండో అల మొదట్లో తిరగడం మొదలైంది. అలవాటు పడవలసిన మొదటి నెలల్లో జనం ఇంట్లోంచి గడప దాటలేదు. దాన్ని కూడా "ఆదరణ లేదు" పద్దులోనే కలిపారు.

సరే, కరోనా పోయింది. ఇప్పుడైనా మనవాళ్లు విమానం ఎక్కుతున్నారా లేదా? ఎక్కుతున్నారు, బ్రహ్మాండంగా ఎక్కుతున్నారు. 2011 జనాభా లెక్కల్లోనే ఆదోని 1.66 లక్షలు, ఎమ్మిగనూరు 95 వేలు. ఒకప్పుడు గుడ్డల వ్యాపారానికి రెండో బొంబాయి అనిపించుకున్న ఊరు ఆదోని. మాచాని సోమప్ప 1938లో చేనేత సహకార సంఘం పెట్టి దేశానికి దారి చూపిన ఊరు ఎమ్మిగనూరు. ఈ ఊళ్లవాళ్లకు దూరప్రయాణం కొత్త కాదు. ఇప్పుడు ప్రతి వీధిలో ఒకరిద్దరు పిల్లలు బెంగళూరులోనో హైదరాబాద్‌లోనో సాఫ్ట్‌వేర్ కొలువులో ఉంటారు. వాళ్లలో కొందరు డల్లాస్‌లో, టొరంటోలో, మెల్‌బోర్న్‌లో. వాళ్లను చూడడానికి ఏడాదికోసారి అమ్మానాన్నలు పోయివస్తారు.

జూలై, ఆగస్టు నెలల్లో అమెరికా చదువులకు పిల్లలు బయల్దేరే రోజుల్లో ఎమ్మిగనూరు వచ్చి చూడండి. శెనక్కాయలు తూచే కమీషన్ కొట్టులో కాటా మీద సూట్‌కేసు ఎక్కుతుంది. ఇరవై మూడు కిలోలు దాటకూడదు. సేటు పెట్టెను కాటా మీద సర్ది ఇరవై నాలుగున్నర అంటాడు. తల్లి మూత తీసి, ఎండు జొన్నరొట్టెల కట్ట ఒకటి బయట పెడుతుంది. శెనక్కాయల పొడి డబ్బా మాత్రం తీయదు. దానికి బదులు కొడుకు జీన్స్ ప్యాంటు ఒకటి తీస్తుంది. మళ్లీ తూస్తారు. తూకం సరిపోయాక ఆ పెట్టెకు పసుపు తాడు కట్టి, బెల్టు మీద గుర్తు పట్టడానికి ఎర్ర రిబ్బను చుడతారు. రాత్రి అన్నాలు తిన్నాక కారు బయల్దేరుతుంది. ముందు సీట్లో మామ, వెనక నలుగురు, డిక్కీలో పెట్టెలు. ఎటు? ఓర్వకల్లుకు కాదు. కోడుమూరు, కర్నూలు దాటి, తుంగభద్ర దాటి, శంషాబాద్‌కు. రెండు వందల యాభై కిలోమీటర్ల పైనే. లేదంటే గుంతకల్లు, అనంతపురం మీదుగా దేవనహళ్లికి. అదైతే మూడు వందల పైచిలుకు. శంషాబాద్, దేవనహళ్లి విమానాశ్రయాలు రెండూ 2008లో తెరుచుకున్నాయి. అప్పటి నుంచి మా పడమటి మండలాల ఆకాశయానమంతా ఆ రెండు ద్వారాల గుండానే సాగుతోంది. అక్కడ మేము విమానం ఎక్కితే హైదరాబాద్ ప్రయాణికులం, బెంగళూరు ప్రయాణికులం. "మీదే ఊరు?" అని ఏ కౌంటరూ అడగదు. కర్నూలు ఖాతాలో మేము లేం. అందుకే మేము లేనట్టు లెక్క.

హజ్ సంగతి చూస్తే ఇది ఇంకా బాగా తేలుతుంది. ఆదోనిలో ముస్లింలు ఎక్కువ. ఏటా హజ్‌కు పోయే కుటుంబాలుంటాయి. వాళ్లలో చాలామంది బతుకులో మొదటిసారి విమానం ఎక్కేది అప్పుడే. 2023లో ఆంధ్ర యాత్రికుల కోసం విజయవాడ నుంచి హజ్ విమానాలు ఏర్పాటు చేశారు. మన రాష్ట్రం నుంచే బయల్దేరవచ్చని ప్రచారం బాగా జరిగింది. తీరా చూస్తే హైదరాబాద్, బెంగళూరు నుంచి పోయేదానికంటే విజయవాడ నుంచి ఒక్కొక్కరికి ఎనభై వేల రూపాయలకు పైగా ఎక్కువ పడింది. ఆ తేడా భరించడానికి రాష్ట్ర ప్రభుత్వం 14.51 కోట్ల రూపాయలు విడుదల చేయాల్సి వచ్చింది. ఇప్పుడు చెప్పండి. ఆదోని ముసలాయన ఒకరు అంత దూరాన ఉన్న విజయవాడకు రాత్రంతా బస్సులో పోవాలా, లేక దగ్గరున్న హైదరాబాద్‌కు, బెంగళూరుకు పోవాలా? ఆయన దగ్గరిదే ఎంచుకుంటే, దాన్ని విజయవాడ మీద ఆదరణ లేకపోవడం అంటారా? ఆయన మక్కాకు పోవడం మానలేదు. ఎక్కడి నుంచి పోతే సుఖమో అక్కడి నుంచి పోయినాడు. విమాన ప్రయాణికుడు చేసేదంతా ఇదే. ఇందులో వెనకబాటుతనం ఎక్కడుంది?

ఇప్పుడు ఓర్వకల్లు నుంచి బెంగళూరు పోయే లెక్క చూద్దాం. ఆదోని నుంచి కర్నూలు వంద కిలోమీటర్లు. విమానాశ్రయం కర్నూలుకు ఇవతలా, అంటే మా వైపునా? కాదు. ఊరు దాటి నంద్యాల దోవలో ఇంకో ఇరవై కిలోమీటర్లు. ఆర్టీసీ బస్సులో కర్నూలు చేరి, అక్కడ దిగి, ఆటోనో కారో మాట్లాడుకోవాలి. ఇంట్లో గడప దాటి విమానాశ్రయం గడప తొక్కేసరికి మూడు గంటలు. బయల్దేరే వేళకు గంట ముందే కౌంటర్ మూసేస్తారు కాబట్టి ఇంకాస్త ముందే చేరాలి. విమానంలో గంట. దిగేది బెంగళూరులో అనుకుంటే పొరపాటు, దేవనహళ్లిలో. అక్కడి నుంచి మెజెస్టిక్‌కు బస్సులో గంటకు పైనే, వాన పడితే చెప్పలేం. మొత్తం కలిపితే ఏడు గంటలకు తగ్గదు. అదే ఆదోని స్టేషన్లో రాత్రిపూట ఉద్యాన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే పొద్దునకల్లా బెంగళూరు సిటీలో దిగవచ్చు. పడుకుని పోవచ్చు, పగలు మిగులుతుంది, డబ్బూ మిగులుతుంది. మద్రాసు, బొంబాయిల నడుమ రైలు పట్టాలు రాయచూరు దగ్గర కలిసింది 1871లో. అప్పటి నుంచీ ఆ దారి మీదే ఉన్న ఊరు మాది. ఆ రైలు వదులుకుని ఓర్వకల్లు పోనివాడిని తెలివిగలవాడు అనాలి. మనవాళ్లు మాత్రం వాడిని విమానం విలువ తెలియనివాడు అంటున్నారు.

విశాఖ సంగతి వేరు. ఒప్పుకుంటాను. ఆదోని నుంచి విశాఖకు రైల్లో, బస్సులో పోవడమంటే దగ్గర దగ్గర ఒక రోజు పని. అక్కడ విమానం నిజంగా పనికొస్తుంది. విజయవాడ కూడా అంతే. 2025 జూలై 2న కర్నూలు, విజయవాడల నడుమ ఇండిగో సర్వీసు మొదలైనప్పుడు మా దిక్కు కూడా సంతోషించారు. అమరావతిలో హైకోర్టు ఉంది, సచివాలయం ఉంది, పని లేనివాడెవడు? అయితే మొదలైన సర్వీసు వారానికి మూడు రోజులే. భూమి తగాదా వాయిదా మంగళవారం పడితే? ఫైలు మీద సంతకానికి గురువారం రమ్మంటే? కోర్టులు, కార్యాలయాలు విమానం టైం టేబుల్ చూసి తేదీలు ఇవ్వవు. పోయిన రోజు పని ముగియకపోతే తిరుగు విమానం కోసం అక్కడ రెండు రాత్రులు లాడ్జి, రెండు రోజుల భోజనం. ఈ ఖర్చంతా టికెట్టు ధర మీద కనిపించదు. వ్యాపారి కాని, వకీలు కాని, రోగిని తీసుకుపోయే కొడుకు కాని చూసేది టికెట్టు ధర ఒక్కటే కాదు. కావలసిన రోజు ఉందా, పోతే అనుకున్న రోజుకు తిరిగొస్తానా అన్నది చూస్తాడు. రోజూ పొద్దున పోయి సాయంత్రం వచ్చే చిన్న సర్వీసు ఒకటి ఏడాది పాటు తప్పకుండా నడిపి, అప్పుడు సీట్లు ఖాళీగా పోతే "ఆదరణ లేదు" అనండి, నోరు మూసుకుంటాం.

ఇక నమ్మకం. ఈ మొత్తం గొడవలో నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించేది ఇదే. మా బంధువులొకరు ఆమధ్య ఒక విమాన సంస్థ టికెట్టు కొన్నారు. సంస్థ పేరు వద్దు. కారు కోడుమూరు దాటాక ఫోన్‌కు మెసేజ్ వచ్చింది: కార్యకలాపాల కారణాల వల్ల మీ విమానం రద్దు. ఆ "కార్యకలాపాల కారణాలు" ఏమిటో అడగడానికి నంబరు నొక్కితే, భాష కోసం ఒకటి నొక్కండి, టికెట్టు కోసం రెండు నొక్కండి అని అరగంట. రోడ్డు పక్కన కారు ఆపి, ఎండలో ముసలావిడ కూర్చుని, కొడుకు స్పీకర్లో పాట వింటూ నిలబడ్డాడు. డబ్బు వెనక్కి వచ్చింది, కాదనను. కారు బాడుగ ఎవరిస్తారు? పోలేకపోయిన ఆసుపత్రి అపాయింట్‌మెంట్ ఎవరిస్తారు?

బంజారాహిల్స్‌లో ఉండేవాడికి విమానం రద్దయితే ఇంటికి పోయి పడుకుంటాడు, పొద్దున ఇంకోటి చూసుకుంటాడు. ఆదోనివాడికి రద్దయితే వంద, మూడు వందల కిలోమీటర్ల దారి నీళ్లపాలు. అదే రద్దు, అదే మెసేజ్, అదే రీఫండ్. నష్టం మాత్రం ఒకటి కాదు. విమానయానాన్ని నియంత్రించే డీజీసీఏ నిబంధనలు ఈ తేడాను ఎరగవు. ముందుగా చెప్పకుండా, వేరే దారి చూపకుండా రద్దు చేస్తే గంటలోపు ప్రయాణానికి 5,000, గంట నుంచి రెండు గంటలైతే 7,500, ఆ పైన 10,000 రూపాయలు పరిహారం అని ఉంది. చదవడానికి బాగుంది. దాని పక్కనే ఇంకో వాక్యం ఉంటుంది: లేదా టికెట్టు మూల ధర, ఇంధనం ఛార్జి కలిపిన మొత్తం, ఏది తక్కువైతే అది. చౌక టికెట్టు కొన్నవాడికి చౌక పరిహారం అన్నమాట. పైగా సంస్థ చేతిలో లేని అసాధారణ పరిస్థితి అని తేలితే అదీ లేదు. విమానం దాకా చేరడానికి ప్రయాణికుడు పెట్టిన ఖర్చు అన్న మాటకు అందులో చోటే లేదు. దూరపు ఊరివాడు విమానం అంటే వెనకాముందాడడానికి కారణం ఇది. భయం కాదు, అజ్ఞానం కాదు. లెక్క.

2025 డిసెంబరు మొదటి వారం ఎవరూ మరిచి ఉండరు. దేశీయ ప్రయాణికుల్లో నూటికి అరవై మందికి పైగా మోసుకుపోయే ఇండిగో ఒక్కసారిగా చతికిలబడింది. డిసెంబరు 5న ఒక్కరోజే వెయ్యికి పైగా విమానాలు రద్దయ్యాయి. అప్పుడు వినిపించిన మాట కూడా నెపం ఇంకొకరి మీదికి నెట్టేదే: పైలట్లకు విశ్రాంతి పెంచే కొత్త నిబంధనల వల్ల ఇదంతా అని. ఆ నిబంధనలు రాత్రికి రాత్రి ఊడిపడలేదు. ప్రకటించింది 2024 జనవరిలో. రాత్రిపూట ల్యాండింగులకు పరిమితి పెట్టిన రెండో విడత అమల్లోకి వచ్చింది 2025 నవంబరు 1న. తయారవడానికి ఇరవై నెలల పైన గడువుంది. పైలట్‌కు వారానికి నలభై ఎనిమిది గంటల విశ్రాంతి ఇవ్వడం తప్పన్నట్టు, దాన్ని అడిగినవాడు దోషి అయినట్టు మాట్లాడారు. చివరికి కేంద్రం ఛార్జీలకు కళ్లెం వేయాల్సి వచ్చింది. ఐదు వందల కిలోమీటర్ల లోపు 7,500, వెయ్యి లోపు 12,000, పదిహేను వందల లోపు 15,000, ఆ పైన 18,000. 2026 జనవరిలో డీజీసీఏ సంస్థకు 22.20 కోట్ల జరిమానా వేసింది. ఇదంతా మన సిక్కోలు రామ్మోహన్ నాయుడు విమానయాన మంత్రిగా ఉండగానే జరిగింది. దేశంలో అతి పెద్ద సంస్థకే, పెద్ద ఊళ్ల మధ్యే ఇంత జరిగితే, వారానికి మూడు రోజులు వచ్చే ఏటీఆర్ రూటులో కోత పడితే అడిగే దిక్కెవరు? కోత పడినప్పుడు మొదట తెగేది చిన్న ఊరి దారం. అలా తెగిన దారాన్ని చూపించి మళ్లీ మన మీదే ముద్ర.

ఇది మన ఒక్కరి జబ్బు కాదు. ఉడాన్ తొలి విమానాలను ప్రధాని మోదీ 2017 ఏప్రిల్ 27న సిమ్లాలో జెండా ఊపి పంపినప్పుడు, హవాయి చెప్పులేసుకునేవాడు కూడా విమానం ఎక్కాలని అన్నారు. అదే రోజు కడప, హైదరాబాద్‌ల నడుమ ట్రూజెట్ విమానం కూడా మొదలైంది. అంటే మొదటి రోజు జాబితాలోనే రాయలసీమ ఉంది. ఆ పథకం ఎలా నడిచిందో, సర్కారు లెక్కలు తనిఖీ చేసే కాగ్ 2023 నివేదికలో ఉంది. మూడో విడత దాకా మంజూరైన రూట్లు 774. వాటిలో 403 అసలు మొదలే కాలేదు. మొదలైన 371లో మూడేళ్లు పూర్తి చేసుకున్నవి 112. మూడేళ్ల సాయం ఆగిపోయాక 2023 మార్చి నాటికి నిలబడినవి 54. పథకం మొత్తంలో నూటికి ఏడు రూట్లు! ఇప్పుడు చెప్పండి, 403 రూట్లలో ఒక్క విమానం కూడా ఎగరకముందే అక్కడి జనం "ఆదరణ" చూపలేదా? టికెట్టు అమ్మకముందే కొనకపోయారా?

ట్రూజెట్ కథ మాకు ఇంకా దగ్గరిది. బళ్లారి దాటి తోరణగల్లు దగ్గర జిందాల్ ఉక్కు ఫ్యాక్టరీవాళ్ల విద్యానగర్ విమానాశ్రయం ఉంది. 2017లో అక్కడి నుంచి హైదరాబాద్‌కు ట్రూజెట్ ఎగిరింది. ఆలూరు మీదుగా ఆదోని నుంచి పోయి ఎక్కినవాళ్లు నాకు తెలుసు. 2022 ఫిబ్రవరిలో ఆ సంస్థే రెక్కలు ముడిచింది. అప్పుడు ఆదోనివాడు హైదరాబాద్ విమానం మానేశాడా, లేక విమానమే ఆదోనివాణ్ణి మానేసిందా? ఇప్పుడు రాయచూరు దగ్గర యరమరస్‌లో ఇంకో విమానాశ్రయం కడుతున్నారు. మంత్రాలయం, ఎమ్మిగనూరు వాళ్లకు ఓర్వకల్లు కంటే అదే దగ్గర. రేపు మనవాళ్లు అటు పోతే, కర్నూలు వాళ్లకు జిల్లా మీద అభిమానం లేదని కూడా అంటారేమో. తుంగభద్రకు అవతల ఏ రాష్ట్రం ఉందో చూసుకుని విమానం ఎక్కరు ఎవరూ.

నాకు ఎదురు చెప్పేవాళ్లు రెండు రకాలు. మొదటివాళ్లు: "వ్యాపారం కదా! సీట్లు నిండకపోతే సంస్థ నష్టం ఎందుకు భరించాలి?" భరించనక్కర్లేదు. కానీ ఇది వట్టి వ్యాపారం కాదు. భూమి ప్రజలది, రన్‌వేకు పెట్టింది ప్రజల డబ్బు, మూడేళ్లు ఇచ్చే సాయంలో కేంద్రం వాటా ఎనభై శాతం, రాష్ట్రం వాటా ఇరవై శాతం. ఉడాన్‌లో సగం సీట్లకే ధర పరిమితి, గంట ప్రయాణానికి సుమారు 2,500. మిగతా సగం సంస్థ ఇష్టం. డెబ్బై ఎనిమిది సీట్లలో ముప్పై తొమ్మిది. ఆ ముప్పై తొమ్మిదీ అయిపోయాక ధర చూసి గుండె పట్టుకున్నవాడు వెనక్కి పోతే, వాడూ ఆదరణ లేనివాడే. ప్రజల డబ్బు తీసుకున్నన్నాళ్లు ప్రజాసేవ, లెక్క అడిగిన రోజు వ్యాపారం. ఇదెక్కడి న్యాయం?

రెండో రకం వాళ్లను నేను గౌరవిస్తాను. వాళ్లంటారు: "కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు మండలాల నుంచి వానలు లేని ఏడాది ఊళ్లకు ఊళ్లు సుగ్గికి పోతున్నాయి. పిల్లల్ని బడి మాన్పించి, ట్రాక్టర్లలో, లారీల్లో గుంటూరు మిరప కోతలకు, తెలంగాణ పత్తి తీతకు పోతున్నారు. వాళ్ల గురించి రాయక విమానాల గురించి రాస్తావా?" నిజమే. విమానానికి పెట్టే సాయంలో కొంత పశ్చిమ మండలాల్లో చెరువుకో, బడికో పెడితే ఎక్కువ మేలు అంటే నేను వాదించను. ఆ మాట అనండి, సూటిగా అనండి. "ఇక్కడ విమానం కంటే ముందు నీళ్లు కావాలి" అన్నది ఒక అభిప్రాయం, దానికి గౌరవం ఉంది. "ఇక్కడివాళ్లు విమానం ఎక్కరు" అన్నది మాత్రం అబద్ధం. మొదటిది మన కష్టాన్ని చూసి అనే మాట. రెండోది మన కష్టాన్నే మన అనర్హతగా లెక్కగట్టే మాట. సుగ్గికి పోయే ఇంటి కొడుకే బెంగళూరులో డిగ్రీ చదివి, మొదటి జీతంతో తల్లిని విమానం ఎక్కించి తిరుపతికి తీసుకుపోయిన సంగతి మా దగ్గర కొత్త కాదు. ఎవరెక్కాలో, ఎవరెక్కకూడదో ముందే తీర్పు ఇవ్వడానికి వీళ్లెవరు?

ఎమ్మిగనూరువాళ్లు అనే ఆ రెండో ముక్కకు ఇప్పుడు వస్తాను. "రైలే లేదు, విమానం ఎవడిక్కావాలి?" కర్నూలు, మంత్రాలయంల నడుమ రైలు మార్గం గురించి దశాబ్దాలుగా వింటున్నాం. సర్వేలు, వినతిపత్రాలు, ఎన్నికల హామీలు. పట్టా మాత్రం పడలేదు. ఎమ్మిగనూరువాడు రైలెక్కాలంటే ఇప్పటికీ ఆదోనికో మంత్రాలయం రోడ్డుకో పోవాలి. ఆ కోపం న్యాయమైనది. అయితే ఆ కోపం విమానాన్ని వద్దనడానికి కాదు. రైలు, రోడ్డు, విమానం ఒకదానికొకటి పోటీ అన్నట్టు మనకు నేర్పారు. అవి ఒకదాని మీద ఒకటి ఆధారపడతాయి. కర్నూలు దాకా పట్టా ఉంటే ఓర్వకల్లు మూడు గంటల దూరం కాదు.

చూడండి, శంషాబాద్‌కు నగరం నలుమూలల నుంచి పుష్పక్ బస్సులు నడుస్తాయి. దేవనహళ్లికి వాయువజ్ర బస్సులున్నాయి. మైసూరు నుంచి దేవనహళ్లికి కర్ణాటక ఆర్టీసీ ఫ్లైబస్ నడుపుతోంది, అదీ మైసూరుకు సొంత విమానాశ్రయం ఉండగా. ఆదోనిలో బయల్దేరి ఎమ్మిగనూరు, కోడుమూరు మీదుగా విమానం వేళకు ఓర్వకల్లు గేటు దగ్గర దింపి, దిగినవాళ్లను ఎక్కించుకుని తిరిగొచ్చే ఒక్క బస్సు వేయడానికి పెద్ద విద్య అక్కర్లేదు. పెట్టెలు పెట్టుకునే చోటు, టికెట్టుతో పాటే బస్సు సీటు, విమానం రద్దయితే బస్సు డబ్బు కూడా వెనక్కి. ఇది చేసి, ఏడాది చూసి, ఆ తర్వాత ఆదరణ గురించి మాట్లాడితే వింటాం. అలాగే శంషాబాద్ నుంచి నేరుగా ఎమ్మిగనూరు, ఆదోనికి తెల్లవారుజామున బస్సు ఒకటి ఉంటే, కారు బాడుగకు టికెట్టంత డబ్బు పోసే బాధ తప్పుతుంది. మా ప్రయాణికుల్లో ఎక్కువమందికి ఈ రెండో బస్సే మొదటి అవసరం. విమానయానం గురించి మాట్లాడుతూ బస్సు అడుగుతున్నానని నవ్వేవాళ్లు నవ్వవచ్చు. కోడుమూరు దగ్గర ఎండలో నిలబడ్డవాడికి నవ్వు రాదు.

ఇక ఒక్క కోరిక. ఈసారి ఓర్వకల్లులో ఏ రూటు తగ్గించినా, ఆపినా, వట్టి మాటతో సరిపెట్టకూడదు. ఆ రూటులో నెలకు ఎన్ని విమానాలు నడపాలో, ఎన్ని నడిపారో, ఎన్ని రద్దు చేశారో, ఎన్ని గంటలు ఆలస్యమయ్యాయో, పరిమితి ధరకు అమ్మిన సీట్లెన్నో, మిగతావి ఎంతకు అమ్మారో, సర్కారు ఇచ్చిన సాయం ఎంతో, అంతా తెలుగులో అచ్చువేసి ఓర్వకల్లు టెర్మినల్ గోడకు అంటించాలి. ఆదోని, ఎమ్మిగనూరు ఆర్టీసీ బస్టాండ్లలో కూడా అంటించాలి. ప్రయాణికుడు రాలేదన్న వరుస అందులో చివరన రాయవచ్చు, పైన ఉన్న వరుసలన్నీ నింపాక.